రన్ కొట్టేస్తే సరిపోతుందా?

మొన్న మా టీమ్‌లో ఓ కుర్రాడు, "అన్నా, కంటైనర్ ఆపి మళ్ళీ రన్ చేశా, లోపల పెట్టుకున్న ఫైళ్ళన్నీ పోయాయి" అని లబోదిబోమన్నాడు. పోలేదు బాబూ! డాకర్ రన్ అంటే క్రియేట్, స్టార్ట్ రెండూ కలిపి కొట్టడమే. కొట్టిన ప్రతిసారీ కొత్త కంటైనర్ పుడుతుంది. ఆగిపోయిన పాతది ఓ మూల పడుంటుంది. ఉత్త పీఎస్‌కి కనబడదు, పక్కన హైఫన్ ఏ తగిలిస్తే కనబడుతుంది. దాన్ని స్టార్ట్ చేశాం, ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈలోపు డిస్క్ నిండిందని కంటైనర్ ప్రూన్ కొట్టుంటే మాత్రం గోవిందా!

క్రియేట్ కమాండ్ 2014లో డాకర్ 1.3తోనే వచ్చింది. అయినా మనం కొత్తవాళ్ళకి రన్ ఒక్కటే నేర్పిస్తాం. నన్నడిగితే మొదటి వారం క్రియేట్, స్టార్ట్ విడివిడిగానే కొట్టించాలి. చాదస్తం అంటారా? అనుకోండి, పర్లేదు :)