చెంబులో మీరు కనిపిస్తున్నారా?

పండగ దగ్గర పడితే అటక మీది సామాను కిందికి దిగుతుంది. మామిడికుదురనే కాదు, కోనసీమలో ఏ పాత ఇంట్లో చూసినా ఇదే వరస. గంగాళం, గుండిగ, బిందెలు, మరచెంబు, దీపపు సెమ్మెలు, కంచు గిన్నెలు, పన్నీరు బుడ్డి... చింతపండు పెట్టి తోమి బోర్లిస్తే వాకిలంతా బంగారు వన్నె. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఫోను తీస్తారు. 'క్లిక్' మంటుంది. తీరా చూస్తే బిందె మధ్యలో తెల్లటి మచ్చ, దాని పక్కన ఫోను పట్టుకున్న మనిషి, చుట్టూ వంకర తిరిగిన కొబ్బరిచెట్లు. అన్నీ ఉన్నాయి, బిందె తప్ప!

'మంచి కెమెరా ఉంటే బావుండేది' అనుకుంటాం. లోపం కెమెరాది కాదండీ. వేలల్లో కొన్న ఫోనైనా, లక్షల్లో కొన్న కెమెరా అయినా తోమిన చెంబు ముందు ఒకటే. కాస్త ఉపాయం తెలిస్తే ఇంట్లో ఉన్న ఫోనే చాలు.

'ఇంత తంటా ఎందుకు?' అంటారేమో. ఎందుకంటే ఆ సామాను ఇంక ఎంతోకాలం ఉండదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. వాళ్ల ఫ్లాట్లలో గంగాళానికి చోటుండదు. మండువా ఇల్లు విప్పి డాబా వేసేటప్పుడు ముందు బయటికి పోయేది అటక మీది ఇత్తడే. పాత సామాను కొనే అతను కాటా వేసి కిలోల లెక్కన తీసుకుంటాడు. ఆ కాటాకి బరువే తెలుస్తుంది. బిందె మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు తెలియదు.

ఆ చుక్కల్ని ఎప్పుడైనా చదివారా? ఫలానా అమ్మాయి పెళ్లికి మేనత్త చదివించినదని ఉంటుంది, కింద తేదీ ఉంటుంది. పొలం దస్తావేజులు చాలా ఇళ్లలో మగవాళ్ల పేరునే నడిచాయి. తాతమ్మ పేరు రాతలో మిగిలింది ఆ బిందె మీదే కావచ్చు. బిందె కొలిమిలోకి పోతే ఆ పేరూ కరిగిపోతుంది. అమ్మొద్దని చెప్పడం తేలికే, దాచుకునే చోటు లేనివాళ్లు ఏం చేస్తారు? అమ్మే ముందు ఒక మంచి ఫొటో తీయమనడమే ఈ వారం మాట.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలోనే వచ్చింది. ఇంగ్లండుకు చెందిన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844 నుంచి 1846 దాకా 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' అనే పుస్తకాన్ని విడతలు విడతలుగా వెలువరించాడు. అందులో మొత్తం 24 ఫొటోలు. మూడోది అరల్లో పేర్చిన పింగాణీ సామాను, నాలుగోది గాజు సామాను. ఇలా ఫొటో తీసి పెట్టుకుంటే రేపు దొంగ ఎత్తుకుపోయినా కోర్టులో ఆ బొమ్మే నోరులేని సాక్షి అవుతుందని ఆయన రాశాడు. గాజునీ తెల్ల పింగాణీనీ ఒకే ఫొటోలో పెడితే కుదరదనీ గమనించాడు. పింగాణీకి వెలుగెక్కువ కాబట్టి దాని బొమ్మ ముందే పూర్తయిపోతుంది, గాజు బొమ్మ అప్పటికింకా మొదలైనట్టే ఉండదు. ఇన్నేళ్ల తర్వాత పచ్చడి జాడీ పక్కన గాజు చిమ్నీ పెట్టి ఫోనుతో తీసినా చిక్కు అదే.

నోరులేని సాక్షి అవసరం కోనసీమ వాళ్లకి వేరే చెప్పాలా? 1986 ఆగస్టు వరదలు, 1996 నవంబరు తుపాను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుంచి గ్యాస్ ఎగజిమ్మి మంటలు రేగితే, అవి రెండు నెలలకు పైగా మండాయి. చుట్టుపక్కల వాళ్లు ఉన్నపళంగా ఇళ్లు వదిలి పోవలసి వచ్చింది. అలాంటప్పుడు ఇంట్లో ఏమున్నాయో ఎవరికి గుర్తుంటుంది?

చెంబు ఏం చూస్తోంది?

ఇక అసలు సంగతికొద్దాం. కాంతి ఏ కోణంలో వచ్చి తగిలితే అదే కోణంలో తిరిగి వెళుతుందని బళ్లో చదువుకున్నాం. నున్నగా తోమిన లోహం అద్దంలాంటిదే. ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది. ఇత్తడైతే దానికి తన పసుపు కలుపుతుంది. వెండి, స్టీలు దాదాపు ఏమీ కలపవు. పళ్లెం చదునుగా ఉంటుంది కాబట్టి ఒక్క వైపే చూస్తుంది. కాస్త వాల్చితే మన నీడ తప్పిపోతుంది. బిందె అలా కాదు. ముందూ పక్కలా పైనా ఉన్నదంతా చూస్తుంది. అంచేత బిందె ఫొటో తీయడమంటే బిందె చూస్తున్నదాన్ని ఫొటో తీయడమే! దానికేం చూపించాలో మనమే ఏర్పాటు చేయాలి. ఈ ఒక్క ముక్క పట్టుబడితే సగం పని అయినట్టే.

కాబట్టి మొదటి పని ఫ్లాష్ ఆపేయడం. అది బిందె కంట్లో తెల్లటి మచ్చ. రెండోది, కొబ్బరిచెట్ల కిందినుంచి లేవడం. ఆకుల సందుల్లోంచి పడే ఎండ బిందె మీద చారలు కొడుతుంది. వెండి సామానైతే చెట్ల పచ్చదనం తగిలి పచ్చబారుతుంది. మండువా లోగిలి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. నడిమి వాకిట్లోకి నేరుగా ఎండ పడని వేళ చూసుకుంటే, పైనుంచి దిగే ఆకాశం వెలుగంత మెత్తని దీపం ఏ స్టూడియోలోనూ దొరకదు. మండువా లేకపోతే వసారా చాలు. ట్యూబులైటు మాత్రం ఆపేయండి. పగటి వెలుగూ దీపం వెలుగూ కలిస్తే రంగులు చెడతాయి.

పంచె, చార్టు, ఒక పీట

వసారాలో పీట వేసి, ముడతల్లేని గుడ్డ పరిచి బిందె పెట్టండి. ఎండ వచ్చే వైపు దండెం మీద ఉతికిన తెల్ల పంచె వేలాడదీయండి. ఎండ దానిలోంచి వడకట్టుకుని వస్తుంది. పంచె ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా ఉంటే వెలుగు అంత మెత్తన. రెండో వైపు తెల్ల చార్టు గానీ థర్మోకోల్ అట్ట గానీ నిలబెట్టండి. ఇప్పుడు బిందె చూసేది రెండు తెల్లటి గోడల్ని. మచ్చ పోయి నిలువుగా నున్నటి వెలుగు పట్టీ వస్తుంది.

అంతా తెల్లగా ఉన్నా చిక్కే. బిందె బోసిపోయి గోడకేసిన రంగులా కనిపిస్తుంది. వెలుగు పట్టీల అంచున నల్ల చార్టు ముక్క సన్నగా కత్తిరించి నిలబెడితే బిందె ఒళ్లు గుండ్రంగా తేలుతుంది. తెలుపు మెరుపునిస్తే నలుపు ఆకారాన్నిస్తుంది.

మరి మనం? బిందెలోంచి మనల్ని పూర్తిగా తీసేయలేం. చిన్నగా మాత్రం చేయగలం. ఆరేడు అడుగులు వెనక్కి వెళ్లి రెండింతల జూమ్‌తో తీయండి. రంగురంగుల చొక్కాలొద్దు. ఫోను స్టూలు మీద ఆనించి, టైమరు పెట్టి పక్కకి తప్పుకుంటే మరీ మంచిది. తెర మీద బిందె ఉన్నచోట వేలు కాసేపు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు అక్కడే నిలుస్తాయి. అప్పుడు వెలుగు కాస్త తగ్గించండి. మెరుపు మరీ తెల్లగా పేలిపోతే తర్వాత ఎవరూ బాగుచేయలేరు. కొంచెం చీకటైతే సరిదిద్దుకోవచ్చు. చివరగా మెత్తటి గుడ్డతో వేలిముద్రలు తుడవండి. కంటికి ఆనని ముద్ర ఫొటోలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

గాజు దారి వేరు

లాంతరు చిమ్నీ, అత్తరు సీసా, పాతకాలం సోడా సీసా. వీటికి ముందునుంచి వెలుగు వేస్తే లాభం లేదు. గాజుని చూపించేది దాని అంచులే. వెనక తెల్ల పంచె కట్టి, ఆ పంచె మీద వెలుగు పడేలా చూడండి. సీసాకి రెండు పక్కలా, ఫొటోలోకి రాకుండా నల్ల చార్టులు నిలబెట్టండి. తెల్లటి నేపథ్యం మీద నల్లటి గీత గీసినట్టు సీసా ఆకారం తేలుతుంది. దీన్నే తిరగేసి, వెనక నల్లగుడ్డ కట్టి రెండు పక్కలా తెల్ల చార్టులు వెలిగేలా పెడితే చీకట్లో వెలుగు గీతలా అంచులు మెరుస్తాయి. చెక్కుడు పని ఉన్న గాజుకి ఈ రెండో పద్ధతి అందం.

గోడ మీది పాత ఫొటోల అద్దాలు ఇబ్బంది పెడితే పోలరైజ్డ్ చలవ కళ్లజోడు ఫోను ముందు పెట్టి, కాస్త ఏటవాలుగా నిలబడి, అద్దాన్ని నెమ్మదిగా తిప్పి చూడండి. ఒక చోట మెరుపు తగ్గుతుంది. ఇది గాజుకి పనిచేస్తుంది, ఇత్తడికీ వెండికీ మాత్రం పనిచేయదు.

పేరు చదవాలంటే

ముఖ్యమైనది చివరికి ఉంచాను. చుక్కల అక్షరాలు ఎదుటి వెలుగులో కనబడవు. గదిలో వెలుగు తగ్గించి, టార్చిని బిందె ఒంటికి ఆనించినంత దగ్గరగా పక్కనుంచి వేయండి. ప్రతి గుంటలో చిన్న నీడ పడి పేరు లేచి నిలబడుతుంది. అప్పటికీ అందకపోతే చిటికెడు బియ్యప్పిండి చుక్కల్లో రుద్ది, పైపైన తుడిచేయండి. తెల్లటి అక్షరాలు చదువుకోవచ్చు. తర్వాత కడిగేస్తే పోతుంది. ఒక్క జాగ్రత్త. పేరున్న చోట ఇటుకపొడి పెట్టి తోమొద్దు. ఏటేటా తోమితే అక్షరం అరిగిపోతుంది.

ఒక్కో వస్తువుకి మూడు ఫొటోలు చాలు. నిలువెత్తుది ఒకటి, పేరుది ఒకటి, పక్కన కొబ్బరికాయ పెట్టి ఒకటి. కొబ్బరికాయ ఎందుకంటే, వస్తువు ఎంతుండేదో రేపటి పిల్లలకి తెలియాలి కదా! తీసిన ఫొటోలు ఒక్క ఫోనులోనే ఉంచకుండా ఇంకోచోట కూడా దాచండి.

తీసేటప్పుడు ఇంట్లో పెద్దావిణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. "నాయనమ్మా, ఈ పేరెవరిదే?" అని అడగండి. ఎవరు ఎవరికిచ్చారో, ఏ పెళ్లికి ఇందులో పులుసు కాచారో ఆవిడ చెబుతుంటే ఫొటో కింద నాలుగు ముక్కలు రాసిపెట్టండి. వెలుగు ఈ వారం కుదరకపోతే వచ్చే వారం కుదురుతుంది. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడగాలి.