బియ్యం సంచీనా, జాబితాలో పేరా?



డిసెంబరు దగ్గర పడింది. మన సంఘం గ్రూపులో ఏటా జరిగే వాదన మళ్ళీ మొదలైంది. చర్చివాళ్ళు బస్తీలో బియ్యం, దుప్పట్లు పంచుతున్న ఫోటో ఒకరు పెట్టారు. "బియ్యమిచ్చి మతం మారుస్తారు" అన్నారు ఇంకొకరు. "ఆకలితో ఉన్నవాడికి పెట్టడం కూడా తప్పేనా?" అని మన క్రైస్తవ సభ్యులు నొచ్చుకున్నారు. చివరికి అడ్మిన్ గారు గ్రూపుకి తాళం వేశారు. తాళం వేస్తే ప్రశ్న పోదు కదా! అందుకే ఇక్కడ కాస్త పొడుగ్గా రాస్తున్నాను. నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ఈ విషయంలో రెండు వైపుల వాళ్ళూ తెలుసుకోవలసిన కథ ఒకటి మన తెలుగు నేల మీదే ఉంది.

చెన్నైలో ఉన్నవాళ్ళం ముక్కు మూసుకుని దాటే బకింగ్‌హామ్ కాలువ మనకందరికీ తెలుసు. ఊళ్ళో అడయారుకీ కూవానికీ మధ్యనున్న భాగం 1877-78లో కరువు పనుల కింద తవ్వించినది. అది ధాత కరువు కాలం. మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది చచ్చిపోయారు. అప్పుడు కూడా సర్కారు కూలి ఇచ్చింది. కానీ ఖర్చు తగ్గించాలని పంపిన రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, మనిషికి రోజుకి ఒక పౌను గింజలు, పైన కొద్దిపాటి డబ్బు చాలని లెక్క కట్టాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. దినమంతా మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా పోట్లాడాడు. 1877లోనే ఆ కూలి పెంచక తప్పలేదు.

అదే కాలువ ఒంగోలు వైపు కూడా తవ్వుతున్నారు. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. మిషనరీ కాకముందు ఆయన తన దేశంలో భూమి సర్వే పని చేసినవాడు. కరువు పనుల్లో మాదిగలకు అందరితో సమానంగా చోటు దొరకడం లేదని చూసి, ఆయన గంజి కేంద్రం పెట్టి ఊరుకోలేదు. మూడు మైళ్ళకు పైగా కాలువ తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, పనికి వచ్చినవాళ్ళకి కూలి ఇచ్చాడు.

దీనికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. కరువు పని నడిచినన్నాళ్ళూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం అడిగినా ఇవ్వలేదు. డబ్బు చేతులు మారుతున్నప్పుడు విశ్వాసం సంగతి ఎత్తకూడదని అనుకున్నాడు. కరువు సాయం ఆగిపోయాకే, 1878 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు.

"అన్నం పెట్టిన చెయ్యి ఎవరికి గుర్తుండదు? అది కూడా ఒక రకం ఎరే కదా" అని మీరు అనవచ్చు. అందులో కొంత నిజం ఉంది. ఆయన వచ్చిందే మతం చెప్పడానికి, అది ఆయన దాచుకోలేదు. కానీ ఊరు దూరంగా నెట్టిన మనిషి, తనను మనిషిగా చూసిన వైపు నడిస్తే దానికి కారణం అన్నమొక్కటే అనడం ఆ మనిషిని అవమానించడమే. వాళ్ళకి బుద్ధి ఉంది, ఎంపిక ఉంది. మనం చూడవలసింది ఇచ్చినవాడి పద్ధతి. ఆ పద్ధతిలో రెండు కొలతలు ఉన్నాయి. అన్నానికీ విశ్వాసానికీ మధ్య గోడ ఉందా? పుచ్చుకునేవాడు చెయ్యి చాపవలసి వచ్చిందా, లేక తన హక్కుగా తీసుకున్నాడా?

బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో ఇంకో ముచ్చట ఉంది. యెరూషలేములో తొలి క్రైస్తవులు విధవరాండ్రకి రోజూ భోజనం పంచేవారు. అందులో గ్రీకు మాట్లాడేవాళ్ళని పట్టించుకోవడం లేదని ఫిర్యాదు వచ్చింది. అంటే భాష వేరైనందుకు పళ్ళెం ఖాళీ. పొరుగు రాష్ట్రాల్లో బతికే మనకి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అప్పుడు పెద్దలు ఏం చేశారు? ఇంకో నాలుగు రొట్టెలు ఎక్కువ వేసి సర్దిపుచ్చలేదు. ఆ పని చూడడానికి ఏడుగురిని ఎన్నిక చేయించారు. ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరి పేర్లు తప్పిపోయాయో వాళ్ళ వైపువాళ్ళ చేతికే జాబితా వెళ్ళింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. చెన్నైలో కట్టడం పనుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బెంగళూరులో ఉన్న సభ్యులూ ఇలాంటి కుటుంబాలను చూస్తూనే ఉంటారు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం సాధారణ కార్డులో మనిషికి నెలకి 5 కిలోల గింజలు రావాలి, 2023 జనవరి నుంచి అది ఉచితం. నలుగురున్న ఇంటికి నెలకి 20 కిలోలు, ఏడాదికి 240 కిలోలు. "ఒకే దేశం ఒకే రేషన్" పద్ధతిలో తమిళనాడు 2020లోనే చేరింది. కార్డు ఆ చట్టం కిందిదై, ఆధార్ కలిపి ఉంటే, సొంతూరి కార్డు మీద ఇక్కడి కొట్లో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఊళ్ళో ఉన్న ముసలివాళ్ళ వాటా అక్కడే ఉంచి, తమ వాటా ఇక్కడ తెచ్చుకోవచ్చు.

మనం క్రిస్మస్‌కో సంక్రాంతికో ఇచ్చే పది కిలోల సంచీ ఆ 240 కిలోల పక్కన ఎంత? పైగా దానికి బ్యానరు, వరసలో నిలబెట్టడం, ఫోటో. చర్చి మతం అడుగుతుందని మనకి కోపం. మరి మన ఫోటో అడిగేది ఏమిటి? అది కూడా ఒక ధరే.

పండగనాడు పంచవద్దని నేను అనను. కరువైనా, వరదైనా, పనిలేని నెలైనా ముందు అన్నమే పెట్టాలి. కానీ ఏడాదికి ఒక్కరోజు పెట్టి, మిగతా రోజులు హక్కుగా రావలసినది రాకుండా పోతుంటే చూస్తూ కూర్చోవడం సేవ కాదు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఈ డిసెంబరు సొమ్ములో సగం పక్కన పెడదాం. నెలకి రెండు ఆదివారాలు, ఒకటి మన హాల్లో, ఒకటి తెలుగు చర్చి ఆవరణలో, రేషన్ సాయం బల్ల వేద్దాం. తమిళం చదవగలిగిన మన పిల్లలు ఇద్దరు కూర్చుంటే చాలు. ఆధార్ కలిసిందో లేదో చూడాలి, కొట్టువాడు తిప్పి పంపితే వెంట వెళ్ళి తెలుగులో అడిగినదాన్ని తమిళంలో చెప్పాలి. మతం అడగొద్దు, ఫోటో తీయొద్దు. పని చూసే జట్టులో కూలి కుటుంబాల నుంచి కనీసం ఇద్దరు ఉండాలి.

మన క్రైస్తవ సభ్యులు దీనికి ముందుకొస్తే, వాళ్ళ సంప్రదాయంలోనే ఉన్న మంచి పనిని కొనసాగించినట్టు. అనుమానంతో ఉన్నవాళ్ళు అదే బల్ల దగ్గర పక్కన కూర్చుంటే, గ్రూపులో రెండు రోజులు తిట్టుకున్న దానికంటే ఎక్కువ తెలుస్తుంది. వచ్చే సమావేశంలో దీన్ని చర్చకు పెట్టమని కోరుతున్నాను. ఒప్పుకోనివాళ్ళు కారణం కింద రాయండి, చదువుతాను.