ఫుట్‌బాలు నేర్చు బాలురు - తలిదండ్రుల కర్తవ్యము

ఆటలు విద్యలో నొక భాగమని మనమందరమును సభలలో చెప్పుచుందుము. అయితే ఆటయే చదువును, విశ్రాంతిని, ఇంటిని మ్రింగివేయు సమయము వచ్చినప్పుడు ఏమి చేయవలెనో అంత నిశ్చయముగా చెప్పలేము. ఈ సంవత్సరము ఆ ప్రశ్న మాకొక జాబు రూపమున వచ్చినది.

మన పాఠశాలలో చదివి, యిప్పుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నుద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకరు తమ కుమారుని గూర్చి వ్రాసిరి. బాలునికి 13 ఏండ్లు. అచ్చట సాకర్ అని పిలువబడు మన ఫుట్‌బాలును చక్కగా ఆడును. ఒక అకాడమీవారు వానిని పరీక్షించి తమ జట్టున చేర్చుకొందుమనిరి. సంవత్సరమున పది నెలల ఆట, వారమునకు నాలుగు సాయంకాలముల అభ్యాసము, దూరపు పట్టణములలో పందెములు. అన్నిటికంటె కఠినమైన నియమ మేమనగా, వచ్చు సంవత్సరము హైస్కూలున చేరిన పిదప వాడు స్కూలు జట్టు తరపున నాడరాదు. "మేము వద్దన్నచో వాని భాగ్యమునకు అడ్డుపడినవార మగుదుమా? సరేయన్నచో వాని బాల్యమును మేమే అమ్మినవార మగుదుమా?" అని ఆ తండ్రిగారు అడిగిరి. ఆ జాబు చదివి మేము చాలసేపు ఊరకుంటిమి. ఇది యొక్క యింటి ప్రశ్న కాదు గనుక మా యభిప్రాయమును ఈ పుటలలో వ్రాయ సాహసించుచున్నాము.

ముందుగా ఈ మార్గ మెట్టిదో తెలిసికొందము. 2007వ సంవత్సరమున అమెరికా ఫుట్‌బాలు సమాఖ్యవారు డెవలప్‌మెంట్ అకాడమీ యను నొక యేర్పాటు చేసిరి. దేశమందలి నేర్పరులైన బాలురను ఒక్కచోట చేర్చి, మంచి శిక్షకుల క్రింద మంచి ప్రత్యర్థులతో ఆడించుట దాని యుద్దేశము. 2012లో ఆటకాలమును పది నెలలకు పెంచి, కొలదిమందికి తప్ప తక్కినవారికి స్కూలు జట్టులో ఆడు స్వేచ్ఛ లేకుండ జేసిరి. 2020లో సమాఖ్యవారు దానిని మూసివేసిరి. ఆ యేడే వృత్తిజట్ల లీగువారు ఎమ్.ఎల్.ఎస్. నెక్స్ట్ అను దానిని నెలకొల్పగా, పాత పద్ధతు లనేకము దానికి సంక్రమించినవి. 2009లో బాలికల కొరకును, 2017లో బాలుర కొరకును ఏర్పడిన ఈ.సి.ఎన్.ఎల్. అను మరియొక లీగు మాత్రము స్కూలు ఆటకు అడ్డు చెప్పదు. కనుక త్రోవ యొక్కటే కాదని తలిదండ్రులు మొదట గ్రహింపవలెను.

ఇంగ్లండులో ఈ జల్లెడ మరింత ముందుగా పట్టబడును. 2012లో అమలులోనికి వచ్చిన పద్ధతి ప్రకారము అచ్చటి అకాడమీలు నాలుగు తరగతులు. తొమ్మిదేండ్లలోపు వారి జట్టునుండియే బాలురను నమోదు చేయుదురు. పదునారవ యేట కొందరికి రెండేండ్ల శిక్షణవేతన మిత్తురు. పదునెనిమిదవ యేట వారిలో కొందరికే వృత్తి యొడంబడిక దొరకును. ప్రతి మెట్టునను కొందరు ఇంటికి పంపబడుదురు.

ఈ మార్గమున మేలు లేదని మేమనము. తనకంటె బలవంతులతో ఆడనిదే నేర్పు పదునెక్కదు. వృత్తిజట్ల స్వంత అకాడమీలు సాధారణముగా బాలురవద్ద ఫీజు పుచ్చుకొనవు. బీదయింటి బిడ్డ కది గొప్ప యుపకారము. అర్జెంటీనాలోని రొసారియో నగరపు లియొనెల్ మెస్సీ 13 ఏండ్ల ప్రాయమున, 2000వ సంవత్సరమున, బార్సిలోనాకు వచ్చెను. వాని యెదుగుదల లోపమునకు కావలసిన వైద్యపు ఖర్చును ఆ క్లబ్బువారు భరించిరి. అట్టి యాదరణ లేకున్న నేమయ్యెడిదో ఎవరు చెప్పగలరు? అయినను మెస్సీని చూపి తన కుమారుని పంపు తండ్రి, పండిన చేనిని చూచి నారు కొనువానివంటివాడు. ఎండిపోయిన మడుల లెక్క గూడ అడుగవలెను.

ఆ లెక్కలో మొదటిది దేహము. అమెరికా శిశువైద్యుల సంఘమువారు 2016లో ప్రకటించిన సలహా స్పష్టముగ నున్నది. ఒక్క ఆటకే అంకితమగుట 15 లేక 16 ఏండ్లవరకు ఆపుట మేలు. వారమునకు ఒకటి రెండు దినములు విశ్రాంతి యుండవలెను. సంవత్సరమున మొత్తము మూడు నెలలైనను, నెల చొప్పున, ఆ యాటను మానవలెను. పది నెలల ఆటకాలమును ఈ సలహా ప్రక్కన పెట్టి చూడుడు. ఎదుగుచున్న యెముకకు అకాడమీ వారి పట్టిక తెలియదు.

రెండవది పుట్టిన నెల. జనవరిలో పుట్టినవాడును డిసెంబరులో పుట్టినవాడును ఒకే యేటివారని యెంచి, ఒకే జట్టునకు పోటీ పెట్టుదురు. పదునొకండు నెలల భేదము ముప్పదేండ్లవారి కొక లెక్క కాదు. పండ్రెండేండ్లవానికి అది జానెడు పొడవు, ఇనుమడించిన వేగము వలె కనబడవచ్చును. 1985లో కెనడా హాకీ ఆటగాండ్రను గూర్చి జరిగిన పరిశోధనలో సంవత్సరారంభమున పుట్టినవారే మిక్కిలిగా ఎంపికైరని తేలినది. తరువాత ఫుట్‌బాలునందు గూడ అనేక దేశములలో ఇదియే కనబడినది. కనుక త్రోసివేయబడిన చిన్నవాడు నేర్పులేనివాడని తలిదండ్రులు త్వరపడి తీర్పు చెప్పరాదు. వానిని ఓడించినది ప్రత్యర్థి కాక పంచాంగమే కావచ్చును. అట్లే ఎంపికైన పెద్దవాడు అతిశయింప పనిలేదు.

మూడవది ధనము. వృత్తిజట్టునకు చేరని క్లబ్బులలో ఫీజులు, ప్రయాణములు, బసలు కలిసి సంవత్సరమునకు వేలకొలది డాలర్లగును. కళాశాలలో విద్యార్థివేతనము వచ్చి ఆ సొమ్ము తీరునని పలువురి యాశ. అమెరికాలో హైస్కూలు ఫుట్‌బా లాడు బాలురలో కళాశాలల క్రీడాసమాఖ్య జట్లకు చేరువారు నూటికి సుమారు ఆరుగురే. 2025లో నియమములు మారువరకు మొదటి శ్రేణి కళాశాలలో పురుషుల జట్టు కంతటికిని కలిపి ఇయ్యదగిన పూర్ణ వేతనములు 9.9 మాత్రమే, వానినే ఇరువదిమందికి పైగా పంచుకొనెడివారు. ఆ డబ్బును బాలుని చదువు పేర నిలువ చేసిన నంతకంటె నిశ్చయముగ నుండెడిది కాదా?

నాలుగవది త్రోసివేత. ఇంగ్లండు నాయకుడైన హ్యారీ కేన్‌ను 8 ఏండ్లప్పుడు ఆర్సెనల్ వారు వద్దనిరి. జేమీ వార్డీని 16 ఏండ్లప్పుడు షెఫీల్డ్ వెన్స్‌డే వారు పంపివేసిరి. అతడు కర్మాగారమున పనిచేయుచు చిన్న జట్లలో ఆడి, తుదకు 2016లో లెస్టరు జట్టుతో ప్రీమియర్ లీగు విజేత యయ్యెను. ఈ కథలను చెప్పి, పడినవాడు తప్పక లేచునని ధైర్యము చెప్పువారు గలరు. మేమట్లు చెప్పజాలము. లేచినవారు గనుకనే వీరి పేర్లు మనకు తెలిసినవి. లేవనివారి పేర్లు వారి యిండ్లలోనే తెలియును. ఈ రెండు కథలు చెప్పునది యొక్కటే: ఎనిమిదవ యేటనైనను పదునారవ యేటనైనను జల్లెడ పట్టువారి తీర్పు కడపటి తీర్పు కాదు. అందువలన తీర్పు ప్రతికూలమైన దినమున బాలుడు నిలువదగిన చోటు మరియొకటి ముందే యుండవలెను. చదువు, స్నేహితులు, స్కూలు జట్టు, ఇల్లు - ఇవియే ఆ చోటు.

ఇక్కడనే స్కూలు ఆటను నిషేధించు నియమము మాకు మిక్కిలి బాధాకరముగ తోచుచున్నది. అకాడమీలో ప్రక్కన ఆడువాడు స్నేహితుడే యైనను వచ్చు సంవత్సరపు స్థానమునకు పోటీదారుడు. స్కూలు జట్టులో శనివారమున కలిసి ఓడినవారు సోమవారమున ఒకే బల్లమీద కూర్చుండి లెక్కలు చేయుదురు. బాగుగ ఆడలేనివానికి గూడ ఆ జట్టు తనదే. నేర్పరి యైన యొక్కడు వెడలిపోయిన తక్కిన పదుగురు కూడ నష్టపడుదురు. వారిని తోడుకొనిపోవు విద్యను ఆ నేర్పరియు నేర్వడు.

స్కూలు మైదానము చిన్నదని తృణీకరింపవలదు. మన హైదరాబాదు దీనికి సాక్షి. సయ్యద్ అబ్దుల్ రహీంగారు వృత్తిచేత బడిపంతులు. అలవాటులేని కాలితోనే ఆడవలెనని బాలురకు పందెములు పెట్టిన యుపాయశాలి. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచెను. ఆయన శిక్షకుడుగా భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు పొంది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. సికింద్రాబాదు చెంత అమ్ముగూడ వాడైన తులసీదాస్ బలరాం ఆ మెల్బోర్న్ జట్టునను, 1962 నాటి జట్టునను ఆడినవాడే. అయితే 1960 తరువాత మన దేశము ఒలింపిక్సు ఫుట్‌బాలున నాడలేదను మాటను గూడ మరువరాదు. లోకము ముందునకు సాగినది. మంచి శిక్షణ లేక నేర్పు పెరుగదు. కాని మంచి శిక్షణ యనగా విలువైన దుస్తులు, దూరప్రయాణములు కాదు. బాలుని యెరిగిన గురువు.

మన పట్టణములలోని తలిదండ్రులకు గూడ ఇట్టి పిలుపులు రావచ్చును. వారు కొన్ని ప్రశ్నలు తప్పక అడుగవలెను. శిక్షకుని యర్హత యేమి? గత సంవత్సరము ఎందరిని పంపివేసితిరి, వా రిప్పుడెక్కడ నున్నారు? బాలుడు గాయపడిన వైద్యమెవరిది? చదువు ఏ వేళ, ఎవరిచేత? నడుమ మానుకొన్న ఫీజు తిరిగి యిత్తురా? విదేశపు క్లబ్బులో చేర్పింతుమని సొమ్మడుగువారు వచ్చినచో మరింత జాగ్రత్త వలయును. కొన్ని మినహాయింపులు తప్ప, 18 ఏండ్లు నిండనివారిని ఒక దేశమునుండి మరియొక దేశపు క్లబ్బునకు మార్చుటను ఫీఫా నియమములు నిషేధించుచున్నవి. ఈ యొక్క సంగతి తెలిసిన యింటివారిని మోసగించుట కష్టము.

మా పూర్వవిద్యార్థికి మేము వ్రాసిన ప్రత్యుత్తరము క్లుప్తమైనది. స్కూలు ఆటకు అడ్డు చెప్పని లీగులో మరి రెండేండ్లు ఆడనిండు. వారమున రెండు సాయంకాలములు వానికే విడువుడు. పదునైదు పదునారేండ్లకు వాని దేహమును మనస్సును చూచి మరల ఆలోచింపుడు అని వ్రాసితిమి. ఈ యాలస్యమువలన నొక తలుపు మూసికొనవచ్చును. ఆ నష్టమును దాచి చెప్పుట న్యాయము కాదు గనుక దానిని గూడ వ్రాసితిమి. అయినను తెరచియున్న ప్రతి తలుపులోనికి బిడ్డను నెట్టుట తలిదండ్రుల ధర్మము కాదని మా నమ్మకము.

కడపట మరియొక మాట చేర్చితిమి. ఆయన జాబు నాలుగు పుటలు. ఫీజు ఎంతయో, మైదానము ఎన్ని మైళ్లో, శిక్షకు డేమనెనో, బంధువు లేమనిరో అన్నియు నందున్నవి. బాలు డేమనెనో ఒక్క పంక్తియైనను లేదు. మొదట వానిని అడుగుడని వ్రాసితిమి. విద్యార్థులారా, మీ తలిదండ్రు లెప్పుడైన నట్లడిగిన, వారికి నచ్చు మాట గాక నిజమైన మాట చెప్పుడు.