పెద్దమనుషుల్లో ఆమె లేదు

నందిపేట్, ఆర్మూర్ దిక్కు ఊళ్లలో సర్కారు కన్నా ముందు చెల్లేది గ్రామాభివృద్ధి కమిటీ మాట. వీడీసీ అంటాం. కులానికొక పెద్దమనిషి చొప్పున కూర్చుంటారు. తీర్పు చెప్పే అధికారం వాళ్లకు ఏ చట్టమూ ఇవ్వలేదు, మనమే ఇచ్చాం. ఇచ్చినప్పుడు అది తప్పుగా తోచలేదు. ఇప్పటికీ, అంతా తప్పేనని అనడానికి నాకు నోరు రాదు. ఆ కమిటీలు గుళ్లు కట్టించాయి, బడులకు ప్రహరీలు పెట్టించాయి, కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగాల్సిన గెట్టు తగాదాలను ఒక్క పూటలో తెంపాయి. ఆ సులువు మనకు నచ్చింది. నచ్చింది కాబట్టే, అందులో ఒక్క ఆడమనిషి ఎందుకు లేదని అడగలేదు. 2011 జనాభా లెక్కల్లో మన నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 1040 మంది ఆడవాళ్లు ఉన్నారని మాత్రం సభల్లో గొప్పగా చెప్పుకున్నాం.

గెట్టు తెంపిన చోటికే కాపురాలూ వచ్చాయి. దెబ్బలు తిన్న బిడ్డ తల్లిగారింటికి వస్తే "ఇజ్జత్ పోతది బిడ్డా, ఇంటి ముచ్చట ఠాణా దాకా ఎందుకు" అన్నాం. ఈ మాట పెద్దమనుషులదే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ముందు అన్నది కన్నతల్లి, తర్వాత మేనత్త. గోడ అవతల అరుపులు విని టీవీ సౌండ్ పెంచింది మనం. పంచాయితీలో ఆమె నిలబడుతుంది, కూర్చున్నవాళ్లంతా మగవాళ్లు. జరిగింది నలుగురిలో చెప్పమంటారు. అంతమందిలో చెప్పలేనిది ఆమె మింగేస్తుంది. చెప్పలేదు కాబట్టి జరగలేదనుకుంటారు. చివరికి మొగుడికి జుర్మానా వేస్తారు. ఆ పైసలు ఊరి ఖాతాకు పోతాయి, ఆమె మళ్లీ ఆ ఇంటికే పోతుంది. అలా వచ్చిన పైసలతో కూడా ఊరు బాగుపడుతుందని మనం నమ్మాం.

చిన్నపిల్లల మీద జరిగిన ఘోరాలను కూడా "మాట్లాడుకుందాం" అన్నవాళ్లు మనలో ఉన్నారు. ఆ మాట విని ఊరుకున్నవాళ్లం అంతకంటే ఎక్కువమందిమి. 2012 పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరం తెలిసీ చెప్పకపోవడమే నేరం. ఆ లెక్కన ఎన్ని ఊళ్లు దోషులో తలచుకుంటే భయం వేస్తుంది.

కమిటీకి ఎదురు చెప్పినవాళ్లను వెలివేస్తే ఆ వెలి కూడా ముందు ఆడవాళ్ల మీదే పడుతుంది. కిరాణా కొట్టుకు పోయేది, నీళ్లకు పోయేది, కూలికి పోయేది వాళ్లే కదా. 2025 శ్రీరామనవమి నాడు ఏర్గట్ల మండలం తాళ్లరాంపూర్‌లో గుడికి వచ్చిన గౌడ మహిళలను బయటకు పొమ్మన్నారన్న వార్త మనమంతా చూశాం. ఫోన్లలో చూశాం, పక్కవాళ్లకు పంపాం, మన ఊళ్లో కమిటీ చందా మామూలుగానే కట్టాం.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది బెల్టు షాపు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. సారా వేలాలు జరగనివ్వకుండా అడ్డం నిలబడ్డ ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, ప్రభుత్వంతో సారా నిషేధం చేయించింది. మన దిక్కు ఊళ్లలోనేమో బెల్టు షాపుకు కమిటీయే వేలం పెట్టింది. పాడుకున్నవాడు కట్టిన లక్షల్లో కొంత దేవుడికి, కొంత రోడ్డుకు పోయింది. రాత్రి ఆ మందు తాగి వచ్చినవాడు ఇంట్లో ఏం చేస్తాడో తెలియనిది ఎవరికి? తెల్లారి ఆమె అదే కమిటీ ముందుకు న్యాయానికి రావాలి. ఇంత సూటిగా కనబడే సంగతిని ఇన్నేళ్లు చూడనట్టు ఉండగలిగామంటే, ఆ పైసలు లేకుండా పండుగ చేసే ఓపిక మనకు లేకపోవడం వల్లే. అంతకు మించి కారణం లేదు.

ఇది కొత్తగా వచ్చిన గుణం కూడా కాదు. ఇదే జిల్లాలో దళితుల ఆడపిల్లలను దేవుడి పేరిట జోగినులుగా విడిచిపెడుతుంటే ఊరంతా పండుగలా చూసింది. 1980లలో వాళ్ల కోసం పనిచేయడానికి విజయవాడ నుంచి హేమలతా లవణం రావలసి వచ్చింది. వర్నిలో చెల్లి నిలయం పెట్టి ఆ ఆడవాళ్లను చెల్లెళ్లని పిలిచింది ఆమె. వాళ్ల ఇళ్ల పక్కన బతికిన మనం కాదు. 1988లో నిషేధ చట్టం వచ్చాక తప్పు ఒప్పుకున్నట్టు తల ఊపాం.

పసుపు సంగతీ అంతే. 2019 ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం ఇక్కడ 178 మంది రైతులు బరిలో నిలిచి దేశాన్ని మన వైపు తిప్పారు. 2025 జనవరిలో ఆ బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. మంచి పోరాటం, నేనూ సంతోషించాను. కాని చేనులో వంగి కొమ్ములు ఏరేది, మండ వేరు చేసేది, కల్లంలో ఆరబోసేది ఆడవాళ్లు. వాళ్ల కూలి మగకూలి కన్నా ఎందుకు తక్కువన్న ప్రశ్న మన డిమాండ్లలోకి రాలేదు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. మొగుడు గల్ఫ్‌లో ఉంటే చేను చూసుకునేది ఆమె, పట్టా మాత్రం ఆయన పేరు మీదే. ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే చట్టమైంది. ఆ వాటా వద్దని అక్కచెల్లెళ్లతో సంతకం పెట్టించుకుని, పండుగకు చీర పెట్టాం. పెళ్లిచూపుల్లో "బీడీలు చేయొస్తదా" అని అడిగాం, ఏం చదివిందని తర్వాత అడిగాం. పంచాయతీ రాజ్‌లో సగం సీట్లు ఆడవాళ్లవని చట్టం చెబితే ఓటు వేశాం. కాని సర్పంచ్ ఎవరని అడిగితే ఇప్పటికీ ఆమె భర్త పేరే చెబుతాం.

కొత్త కమిటీ వేసే రోజున మన ఊళ్లలో రెండు మాటలు అడగాలి. సగం మంది ఆడవాళ్లు ఎక్కడ? బెల్టు షాపు వేలం ఎందుకు? అడిగినవాణ్ని ఒంటరిని చేస్తారు కాబట్టి నలుగురం కలిసి అడుగుదాం. ఇక ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషిని పంచాయితీకి పిలవకండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఫిర్యాదు ఆమే ఇవ్వాలని లేదు, పక్కింటివాళ్లు చెప్పినా చాలు. మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ ఉండదు.