ఊటీ చూసి రండి, మన్యాన్ని ఊటీ కానివ్వకండి

సెలవులు రాగానే కాలేజీ పిల్లలు నలుగురైదుగురు కలిసి బ్యాగులు తగిలించుకుని చల్లటి కొండలకు బయల్దేరతారు. మన ఆదివాసీ యువత మాత్రం ఎందుకు పోకూడదు? తప్పకుండా పోవాలి. మన కొండలకు అందరూ వస్తారు. వాళ్లకు దారి చూపేది మనం, బొంగులో చికెన్ వండి పెట్టేది మనం, థింసా ఆడి చూపించేది మనం. ఒక్కసారి మనమే ప్రయాణికులమై ఇంకొకరి కొండ ఎక్కి చూద్దాం. మా సలహా నీలగిరి. అక్కడి చలి కోసం, టీ తోటల కోసం మాత్రమే కాదు. భూమి చేయి జారిన కొండ రెండు వందల ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో అక్కడ కళ్లారా చూడొచ్చు.

పెద్ద ఖర్చేమీ కాదు. చెన్నై నుంచి రాత్రి బయల్దేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి మేట్టుపాళయంలో దించుతుంది. అక్కడి నుంచి కొండ రైలు. 46 కిలోమీటర్ల దారి, 16 సొరంగాలు. నిటారు చోట్ల పట్టాల మధ్య ఉన్న పళ్ల పట్టీని ఇంజన్ చక్రం పట్టుకుంటూ పైకి పాకుతుంది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేశారు. టికెట్ దొరక్కపోతే ప్రభుత్వ బస్సులు ఉన్నాయి. సొంత బండి మీద పోతే మాత్రం ఈ-పాస్ తీసుకోవాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఆ పద్ధతి నడుస్తోంది. అన్ని బళ్లను ఆ కొండ మోయలేకపోతోంది కాబట్టే కోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. లంబసింగి, వంజంగి రోడ్ల మీద ఆదివారం పొద్దున బళ్ల వరస చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

కూనూరులో దిగగానే పచ్చటి తివాచీ పరిచినట్టు టీ తోటలు. అందంగానే ఉంటాయి, కాదనం. అయితే అక్కడ మీ కంటికి ఆనేదాంట్లో ఆ కొండలో పుట్టింది ఎంత? టీ మొక్క బయటి నుంచి వచ్చింది. కత్తిరించకుండా వదిలేస్తే అది చెట్టంత ఎదుగుతుంది, ఆకు కోయడానికి వీలుగా నడుం ఎత్తున ఆపుతారు. మధ్య మధ్యలో నీడ కోసం నిలబెట్టిన సిల్వర్ ఓక్‌ది ఆస్ట్రేలియా. కొండవాలు నిండా ఉన్న యూకలిప్టస్, తుమ్మ జాతి వాటిల్ కూడా అక్కడివే. వీటికంటే ముందు ఆ ఎత్తుల్లో ఉన్నది గడ్డి మైదానం, లోయల మడతల్లో షోలా అని పిలిచే చిట్టడవి. గడ్డి వాన నీటిని పట్టి ఉంచుతుంది, షోలా ఆ నీటిని ఏడాది పొడుగునా వాగుల్లోకి వదులుతుంది. ఆ గడ్డి మీద తోడా ఆదివాసీల గేదెలు మేసేవి. తెల్లదొరల లెక్కలో అది ఖాళీ భూమి. పోడు భూమిని బంజరు అని రాసే రెవెన్యూ కాగితాలు మనకు తెలియనివా?

ఊటీ అనే పేరే తీసుకోండి. ఉదకమండలం. దాని వెనక ఉన్నది తోడాల మాట. వాళ్ల గూడేన్ని బయటివాళ్లు 'మండ్' అంటారు, దొరల కాగితాల్లో ఈ ఊరు ఊటకమండ్. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సలివన్ 1819లో ఈ కొండ ఎక్కాడు. తర్వాత తోడాల నేల మీద స్టోన్ హౌస్ అనే బంగళా కట్టాడు. ఆ భూమిని ఎకరం రూపాయికి కొన్నాడని చెబుతారు. ఆ తర్వాత బంగళాలు, చర్చీలు, క్లబ్బులు వచ్చాయి, వేసవిలో మద్రాసు ప్రభుత్వమే కొండెక్కి కూర్చుంది. 1860ల నుంచి టీ తోటలు పాకాయి. ఇవాళ బొటానికల్ గార్డెన్‌లో టికెట్ కొని పైదాకా నడిస్తే అక్కడ ఒక తోడా మండ్ ఉంటుంది. నేల ఎవరిదో వాళ్లు తోట చివర ఒక మూలకు సర్దుకున్నారు. తోడాల జనాభా మొత్తం సుమారు 2,000. వాళ్ల ఎరుపు, నలుపు కుట్టుపనికి 2013లో జీఐ గుర్తింపు వచ్చింది. శాలువాకు గుర్తింపు ఇవ్వడం సులువే, మేత భూమి తిరిగి ఇవ్వడమే కష్టం.

కూనూరు నుంచి కోటగిరికి కూడా బస్సులో వెళ్లండి. ఆ పేరులో ఉన్నది కోటలు. కుండలు, ఇనుప పని, వాద్యం వాళ్ల చేతి విద్యలు. ఊటీ దగ్గర ముత్తోరై పాలాడలో గిరిజన పరిశోధనా కేంద్రం మ్యూజియం ఉంది. తోడాలు, కోటలు, కురుంబలు, ఇరుళలు, పణియలు, కాట్టునాయకర్లు అందరి బతుకులూ అక్కడ వస్తువుల రూపంలో కనబడతాయి. వస్తువులు చూశాక మనుషులనూ చూడండి. గూడెంలోకి పోయేటప్పుడు అడిగి పోండి. తోడాల గుడి దగ్గరికి పోవద్దంటే పోవద్దు, ఫోటో వద్దంటే ఫోన్ జేబులో పెట్టండి. మన గూడెంలో టూరిస్టు ఎలా ఉండాలని కోరుకుంటామో అక్కడ మనం అలాగే ఉండాలి.

తోటల్లో ఆకు కోసే ఆడవాళ్లను పలకరించండి. మన పోరాటం వాళ్ల మీద కాదు. రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున వాళ్లు గిల్లిన పచ్చి ఆకు నాలుగు కిలోలకు పైగా పోస్తేనే ఒక కిలో టీ పొడి అవుతుంది. వాళ్లలో చాలామంది తాతముత్తాతలను దొరలు శ్రీలంక తోటలకు కూలీలుగా తోలుకుపోయారు. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకె చేసుకున్న ఒప్పందంతో లక్షల మందిని ఇండియాకు పంపేశారు. వాళ్లకు పని చూపించడానికి తమిళనాడు ప్రభుత్వం 1968లో టీ తోటలు మొదలుపెట్టింది. అదే ఇవాళ్టి టాన్‌టీ. తోటలు వేసింది అడవి నేల మీద. ఒక చోట నిలువ నీడ లేకుండా చేసిన పేదలకు ఇంకొక చోటి పేదల అడవిని చూపించారు. పోలవరం ముంపు గ్రామాల వాళ్లకు ఇది కొత్త కథ కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నీలగిరి, మన్యం రెండూ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. రెండూ కొండలే, రెండు చోట్లా ఆదివాసులే. మరి అరకు ఇంకా ఊటీ ఎందుకు కాలేదు? రంపా లాంటి తిరుగుబాట్లు చూసిన తర్వాత అదే మద్రాసు ప్రభుత్వం 1917లో గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు భూ బదలాయింపు చట్టం తెచ్చింది. నీలగిరికి ఆ చట్టం లేదు. స్వాతంత్య్రం తర్వాత మన కొండలు ఐదో షెడ్యూల్‌లోకి వచ్చాయి. తమిళనాడులో, కేరళలో ఇవాళ్టికీ ఒక్క షెడ్యూల్డ్ ప్రాంతం కూడా లేదు. మనకు 1959 రెగ్యులేషన్ వచ్చింది, దాన్ని బిగించిన 1/70 వచ్చింది, 1997లో సమత తీర్పు వచ్చింది. విశాఖ మన్యంలోనూ సిల్వర్ ఓక్ నీడలో తోటలు ఉన్నాయి, మిరియం తీగలు పాకుతున్నాయి. కానీ ఆ కాఫీ చాలావరకు ఆదివాసీ కుటుంబాల సొంత చెక్కల్లో పండుతోంది. వాళ్ల టీ తోటకు, మన కాఫీ తోటకు అసలు తేడా పంటలో లేదు, పట్టాలో ఉంది.

చట్టం లేని చోట ఆదివాసులు చేతులు కట్టుకుని కూర్చున్నారా? లేదు. ఊటీ నుంచి 50 కిలోమీటర్లు కిందికి దిగితే గూడలూరు. అక్కడ పణియలు తరాల తరబడి వెట్టిలో మగ్గారు. 1980లలో ఊరూరా సంఘాలు కట్టుకుని ఆదివాసీ మున్నేట్ర సంగం అయ్యారు. 1988 డిసెంబర్ 5న 10,000 మందికి పైగా ఆదివాసులు గూడలూరు రోడ్ల మీదికి వచ్చారు. పోయిన భూముల్లోకి మళ్లీ దిగి ఏం నాటారో తెలుసా? టీ మొక్కలే. ఏటా పీకేసే పంట వేస్తే 'ఇక్కడ ఎవరూ లేరు' అని రాసేస్తారు. ఏళ్ల తరబడి నిలిచే టీ తోటను లేదని ఎవరూ రాయలేరు. భూమి పోగొట్టిన మొక్కనే భూమికి సాక్ష్యంగా నిలబెట్టారు. తర్వాత సొంత ఆసుపత్రి నడుపుకున్నారు, 1990ల చివర్లో ఒక టీ ఎస్టేట్‌నే ఉమ్మడిగా కొనుక్కున్నారు. ఊటీ పోయినవాళ్లు సరస్సులో పడవెక్కి తిరిగి వచ్చేస్తారు. మీరు గూడలూరు దాకా వెళ్లండి.

నడకకు పోయేవాళ్లకు ఒక మాట. అడవి దారుల్లో అనుమతి లేకుండా పోకండి. 2024లో తమిళనాడు అటవీ శాఖ 'ట్రెక్ తమిళనాడు' పేరుతో 40 దారులు తెరిచింది, ఆదివాసీ యువతకు గైడ్లుగా శిక్షణ ఇచ్చింది. ఉపాధి మంచిదే. అయితే ఆ గైడ్‌తో నడుస్తూ ఒక్క ప్రశ్న అడగండి: ఈ దారి మీద నిర్ణయం ఎవరిది? మన దగ్గరా టూరిజం అంటే ఉద్యోగాలు అనే చెబుతున్నారు. గైడు, వంటవాడు, వాచ్‌మన్ ఉద్యోగాలు మనకు, రిసార్టు వేరేవాళ్లకు అయితే అది అభివృద్ధి కాదు. సొంత నేల మీద కూలీతనం.

2025 మొదట్లో టూరిజం కోసం 1/70ని మార్చాలన్న మాట బయటికి రాగానే ఏజెన్సీలో ఫిబ్రవరిలో రెండు రోజులు బంద్ జరిగింది. చట్టాన్ని మార్చే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. ఆ మాట రాబట్టింది రోడ్డు మీద కూర్చున్న జనం. కానీ కాగితం మీద చట్టం మారకపోయినా నేల మీద ఏం జరుగుతోంది? పట్టా మనవాడి పేరున, పెట్టుబడి, లాభం బయటివాడివి. గిరిజనేతరుడికి లీజుకివ్వడం కూడా 1/70 కింద బదలాయింపే, అది చెల్లదు. ఈ ముక్క తెలియక సంతకాలు పెడుతున్న మన అన్నలు, బాబాయిలు ఎంతమంది!

కాబట్టి పోయి రండి. టీ తాగండి, చలిలో వణకండి, ఫోటోలు దిగండి, నవ్వుకోండి. ఆ హక్కు మీకూ ఉంది. వచ్చాక ఒక్క పని చేయండి. మీ పంచాయతీలో ఈ రెండేళ్లలో లేచిన టెంట్లు, కాటేజీలు ఎన్నో, ఏ సర్వే నంబర్లలో ఉన్నాయో, వాటి వెనక ఉన్నది ఎవరో నలుగురు కూర్చుని జాబితా రాయండి. గ్రామసభలో చదవండి. చెల్లని బదలాయింపు ఉంటే ఎల్‌టీఆర్ కేసు కోసం గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కు అర్జీ పెట్టండి. ఊటీలో తోడాలకు ఇలాంటి అర్జీ పెట్టుకునే చట్టం లేదు. మనకు ఉంది, మన పెద్దలు ప్రాణాలు పెట్టి తెచ్చారు. వాడకపోతే తుప్పు పడుతుంది.

జోహార్.