ఎర్ర లైటుతో బేరం

సిగ్నల్ స్తంభం మీద ఎర్ర అంకెలు దిగుతుంటాయి. ఇంకా ఏడు సెకన్లు ఉండగానే వెనక హారన్లు మొదలవుతాయి. ముందువాడు కదలకూడదని మోగించేవాడికీ తెలుసు, అయినా మోగిస్తాడు. అయిదు పడేసరికి సగం బండ్లు జీబ్రా గీతల మీదుంటాయి, మూడుకి కూడలి మధ్యలోకి చేరతాయి. పచ్చలైటు వెలిగేదాకా నిఖార్సుగా ఆగిన కారు ఒక్కటే కనిపిస్తుంది, దానికి వెనక ‘ఎల్’ బోర్డు ఉంటుంది.

హైదరాబాద్ డ్రైవర్లకు రూల్స్ తెలియవనడం అన్యాయం. నిక్షేపంగా తెలుసు. కాకపోతే వాటిని కూరగాయలవాడు చెప్పే ధరలా వింటారు. వంకాయలు కిలో అరవై అనగానే ఎవరైనా అరవై చేతిలో పెడతారా? ఎర్ర లైటూ అంతే. ఎంతకు తెగుతుందన్నది కూడలిలో కానిస్టేబుల్ ఉన్నాడా, లేడా అన్నదాన్నిబట్టి ఉంటుంది.

హెల్మెట్ సంగతే చూడండి. మోచేతికి వేలాడుతూనో, ట్యాంకు మీద కూర్చునో ఊరంతా తిరుగుతుంది. దూరంగా ట్రాఫిక్ పోలీసు తెల్లచొక్కా కనబడగానే తలకెక్కుతుంది, క్లిప్పు మాత్రం పడదు. అడిగింది హెల్మెటే కదా, క్లిప్పు ఊసు ఎవరెత్తారు? ఇక కెమెరాతో బేరమాడటం కుదరదు కాబట్టి నంబర్ ప్లేటు చివర కాస్త వంచేస్తారు, లేదా ఒక అంకె మీద పాత మాస్కు తగిలిస్తారు. కరోనా పోయినా మాస్కుకు పని పోలేదు. ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మందని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44 శాతం పైగా ద్విచక్ర వాహనాల వాళ్లే.

రాంగ్ రూట్లో వచ్చేవాడి ధీమా ఇంకో రకం. పట్టపగలు హెడ్‌లైట్ వేసుకుని, సరైన దారిలో వస్తున్న మన మీదే కళ్లెర్రజేస్తాడు. ఆపి అడిగితే ‘ఇక్కడే సార్, పక్క సందులోకే’ అంటాడు. ఈ విషయంలో తప్పంతా అతని నెత్తినే రుద్దలేం. నగరంలో చాలాచోట్ల కూడళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారు. కార్ల వరుస సాఫీగా సాగుతోంది, నిజమే. కానీ రోడ్డుకు అవతల ఎదురుగా కనిపిస్తున్న మెడికల్ షాపుకు వెళ్లాలన్నా ఎక్కడో దూరాన తిరిగి రావాలి. ఎడాపెడా డెలివరీలు ఇచ్చే కుర్రాడికి ఆ చుట్టు పెట్రోలు ఖర్చు, పైగా ఆలస్యం. ఆ గీత గీసిన ఇంజినీరు ఒక్కరోజు స్కూటర్ మీద తిరిగి ఉంటే బాగుండేది.

ఈ బేరానికి ఇంకో ముఖం కూడా ఉంది. సైడ్ స్టాండ్ తీయడం మరిచి బండి కదిలించి చూడండి. పక్కనుంచి పోయే నలుగురూ ‘అన్నా, స్టాండ్!’ అని అరుస్తారు. చున్నీ చక్రం వైపు జారుతుంటే ఒకడు తన బండిని ప్రమాదకరంగా వంచి మరీ ‘అమ్మా, చున్నీ!’ అని హెచ్చరిస్తాడు. ఆటో ఆగిపోతే వెనకొచ్చే ఆటోవాడు తన ఎడమకాలు చాపి, దాన్ని తోసుకుంటూ పెట్రోలు బంకుదాకా చేరుస్తాడు. అదే కాలు ఇంకో కూడలిలో ఇండికేటర్ పని కూడా చేస్తుంది. వీళ్లంతా ఇందాక సిగ్నల్ దూకినవాళ్లే. ఎదుట మనిషి ఉంటే మనవాళ్లకు జాలీ మొహమాటమూ పుట్టుకొస్తాయి. స్తంభం మీది లైటును చూసి మొహమాటపడేవాడెవడు?

మనిషి అడ్డమొస్తే ఇంకో మనిషి పేరు చెప్పి తప్పించుకోవడం కూడా ఆ మొహమాటం నుంచే వచ్చింది. అద్దం మీద ‘ప్రెస్’, ‘పోలీస్’ అన్న అక్షరాలు పాతకాలపు ముచ్చట. 2024 ఎన్నికల వేళ ఆంధ్రలో ఏకంగా నంబర్ ప్లేట్ల మీద ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ వెలిసింది. అభిమానం సరే, బండికి నంబరు లేకపోతే ఎమ్మెల్యే గారు మాత్రం ఏం చేస్తారు?

అయితే జనానికి ఈ బేరసారాలు నేర్పింది ఎవరు? కేంద్రం 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి జరిమానాలు భారీగా పెంచింది. అవి సెప్టెంబరు 1న అమల్లోకి వస్తే, ఆ నెలలోనే గుజరాత్ చాలావాటిని తగ్గించుకుంది. తెలంగాణ ఆ పెంపు జోలికే పోలేదు. పైగా 2022 మార్చిలో పెండింగ్ చలాన్లకు రాయితీ ప్రకటించి, టూవీలర్లు పాతిక శాతం కడితే చాలంది. 2023 డిసెంబరులో మరోసారి, ఈసారి టూవీలర్లకు 80 శాతం తగ్గింపు. గడువు కూడా పొడిగించారు. ఖజానాకు డబ్బు వచ్చింది, కాదనను. కానీ చలాను పడిన రోజే పూర్తిగా కట్టేసిన బుద్ధిమంతుడు ఆ రోజు తన ఫోన్లో పాత రసీదు చూసుకుని ఏమనుకుని ఉంటాడు? ఇప్పుడు ఎవరినైనా చలాను కట్టమని అడిగి చూడండి, ‘తొందరేముంది, ఆఫర్ పెడతారుగా’ అంటారు. ఆషాఢం సేల్‌కి ఆగినట్టే ఆగుతున్నారు.

ఇక తగ్గింపు ఉండదని సర్కారు ఒక్కసారి గట్టిగా చెప్పి ఆ మాట మీద నిలబడాలి. ఆ దూరపు యూటర్న్‌ను కాస్త దగ్గరికి జరపాలి. అప్పుడు ‘పక్క సందులోకే సార్’ అన్న సాకు చెల్లదు. ఇంకో సాకు దొరకడానికి మనవాడికి ఎంతోసేపు పట్టదనుకోండి, అది వేరే సంగతి.