మంచాలకు తెలిసిన మాటలో వైద్యము

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్క శిబిరమునందే 34 మంది స్త్రీలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరుగగా, తరువాతి దినములలో వారిలో నలుగురు మరణించిరి. ఆ దుఃఖము పొరుగునున్న మంచాల మండలపు పల్లెలనుకూడ తాకినది. ఇట్టి శిబిరములను మూడేండ్లలో నిలిపివేయవలెననియు, శస్త్రచికిత్స ఫలితములను దానిని చేయించుకొను స్త్రీకి తెలిసిన భాషలో వివరించి, ఆలోచించుకొనుటకు సుమారు గంట వ్యవధి నీయవలెననియు సుప్రీంకోర్టు 2016లోనే, దేవికా బిశ్వాస్ వ్యాజ్యమున, ఆదేశించియుండెను.

ఆ గంటసేపే నా మనస్సును విడువకున్నది. పొలముపని మాని, చంటిబిడ్డను తల్లి కప్పగించి, ఆశా కార్యకర్త వెంట బస్సెక్కి వచ్చిన యువతి, తనకు బోధపడని కాగితముపై వేలిముద్ర వేసినంతమాత్రమున అది అంగీకారమగునా? “కడుపునొప్పి హెచ్చినను, చలిజ్వరము వచ్చినను, కుట్లు చీముపట్టినను వెంటనే రండు” అని తెలుగున వ్రాసిన చీటీ నొకదానిని చేతికిచ్చి, చదువురానివారికి చదివి వినిపించుటకు కావలసినది ధనము కాదు, శ్రద్ధ. తెలుగు 1966 నుండి అధికారభాషయే. భాషాభిమానమును సభావేదికలపైనను, ఆసుపత్రి పడకల లెక్కలను శాసనసభలోనను వేర్వేరుగ ప్రకటించు నాయకులు, రెండును ఒకే రోగి అవసరములని యేల గుర్తింపరు? ఓట్లకు వచ్చువారిని మంచాల ప్రజలు మొదట ఈ చీటీనే అడుగవలెను.